పదండ్రి

మూడో ఫ్లెక్సీలో కూడా నేనే ఉన్నాను. నీలం సూటు, కట్టుకున్న చేతులు, పక్కన పన్నెండు మంది ర్యాంకర్ల తలకాయలు. మెట్రో పిల్లరుకు తాళ్ళతో బిగించిన ఆ ఫ్లెక్సీలోంచి నవ్వుతూ నా మీదికే వస్తున్నాను. సైకిలు తొక్కుతూ నా మీదికే పోతున్నాను. "అగో, మల్లా ఆర్ఎం సారే!" అని వెనక సైకిలు మీద సుమిత్రమ్మ రొప్పుతూ అరిచింది. "రోడ్డంత మీరే ఉన్నరు గద సార్! ఎలక్షన్ల నిలబడ్డరా ఏంది?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే చూస్తారు, చూస్తే ఆలోచిస్తారు. వీళ్ళు ఆలోచించే రకం కాదు, ఇప్పటికి నాకున్న ధైర్యం అదొక్కటే. ఆ ఫ్లెక్సీలు ఈ రోడ్డు మీద ఉన్నది ఒకే ఒక్క రాత్రి. పోయినేడు ఫిబ్రవరిలో శనివారం రాత్రి కట్టించాను. ఆదివారం తొమ్మిదికల్లా మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి తాళ్ళు కోసి లారీలో వేసుకుపోయారు. మధ్యలో ఒకే ఒక్క తెల్లవారుజాము. అంటే ఎదురుగా తెర మీద నడుస్తున్న వీడియో ఆ తెల్లవారుజాముదే. ఆ సంగతి ఈ జిమ్ము గదిలో నాకొక్కడికే తెలుసు. ఇంకో రెండు కిలోమీటర్లు పోతే, కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్టు దాటాక, డివైడరు పక్కన ఒక మనిషి రోడ్డు ఊడుస్తుంటాడు. వాణ్ణి నేను చంపాను. ఈ వీడియోలో వాడు ఇంకా ఊడుస్తున్నాడా, అప్పటికే పడి ఉన్నాడా, నా కారు ఎక్కడుంది, ఏమీ తెలియదు. తెలియాలంటే రోడ్డు కదలాలి.

రోడ్డును కదిలించేది నేను కాదు, ట్రైనరు జోస్నా. ఇక్కడి పద్ధతి అది. తెర కింద, మాకేసి సగం తిరిగి ఉన్న సైకిలు ట్రైనరుది. తెరకు వైరు ఉన్నది దానికే. ఆ పిల్ల తొక్కితే రోడ్డు కదులుతుంది, జోరు పెంచితే పరిగెడుతుంది, కాళ్ళు ఆపితే ఉన్నచోటే బిగుసుకుపోతుంది. మిగిలిన పన్నెండు మందిమీ కదలని సైకిళ్ళ మీద కూర్చుని ఆమె వెనకాల చెమట కారుస్తూ ఎక్కడికీ పోము. మొన్నటిదాకా అంతా విదేశీ రోడ్లే. మంచుకొండలు, సముద్రపు ఒడ్డు, రాళ్ళ వంతెనలు. రోడ్డు మీద మనిషి ఉండడు, కుక్క ఉండదు. నాకు హాయిగా ఉండేది. ఈ సుమిత్రమ్మే పాడుచేసింది. "గా కొండలల్ల మనకెవ్వలు తెలుసు బిడ్డా? ఒక్క చాయ్ బండి గూడ లేదు. మన రోడ్డు పెట్టరాదు?" అని నెల రోజులు సణిగింది. అంతే, వినయ్‌గాడికి ఉత్సాహం వచ్చింది. నా పక్క సైకిలు వాడిది. గుంటూరు కుర్రాడు, కంప్యూటర్ ఉద్యోగం. ఆదివారాలు తెల్లవారకముందే హ్యాండిల్‌కి కెమెరా కట్టుకుని నిజం రోడ్డు మీద తొక్కుతాడు. "పాతదొకటి హార్డ్ డిస్కులో మూలుగుతోంది సార్. మలక్‌పేట నుంచి ఎల్బీ నగర్. ట్రాఫిక్ లేదు, హారన్ లేదు. మీకో సర్‌ప్రైజ్ కూడా ఉంది" అన్నాడు ఇందాక మెట్లెక్కుతూ. సర్‌ప్రైజ్ అంటే నా ముఖమే. పాపం, నన్ను సంతోషపెడదామనుకున్నాడు. చావగొట్టాలనిపించింది. ఇప్పుడు కూడా పక్కనుంచి చూసి కనుబొమలు ఎగరేస్తున్నాడు, ఎలా ఉంది సార్ అన్నట్టు. బొటనవేలు ఎత్తి చూపించాను.

నాలుగోది. తెర మీద దిల్‌సుఖ్‌నగర్ డిపో గోడ వెనక్కి జరిగిపోయింది. మూసిన షట్టర్లు, తడిసిన పూలబండి, పాల ప్యాకెట్ల ట్రేలు. సందుకు అవతల నా కోచింగ్ సెంటర్ నాలుగంతస్తులు, పై అంతస్తులో ఒక లైటు వెలుగుతోంది. ఎవరో దరిద్రుడు ఆర్పడం మరిచాడు. ఏడాది తర్వాత ఈ అవస్థలో కూడా ఆ లైటు మీద నాకు కోపం వచ్చింది, అదీ నేను. పది ఫ్లెక్సీలు కట్టించాను. ఎదురు కాలేజీవాళ్ళు తెల్లారేలోపు బ్లేడ్లతో నా ముఖాలు కోయిస్తారని భయం. నేను రెండుసార్లు వాళ్ళవి కోయించాను కాబట్టి తెలుసు. అందుకే ఆ పొద్దున మా ఆవిడ ఉదయలక్ష్మి కాఫీ కలపకముందే కారు తీశాను. అమ్మాయిని దింపడానికి వచ్చి ఇంట్లోనే ఉన్న అల్లుడు గౌతమ్‌ని లేపాను. మా వైపు అల్లుణ్ణి నువ్వు అనం. ముప్పై ఏళ్ళ కుర్రాడైనా సరే మీరే. రండి, కూర్చోండి, ఇంకో గారె వేసుకోండి. వాడు నిద్రమొహంతో వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఎనిమిది ఫ్లెక్సీలు భద్రంగా ఉన్నాయి. తొమ్మిదోదాని మూల తాడు ఊడి, నా ఎడమ కన్ను మీదికి మడత పడింది. ఒంటికన్నువాడిలా ఉన్నాను. కారు ఆపి, బ్లింకర్లు వేసి, దిగి, గౌతమ్‌ని డివైడరు ఎక్కించి కట్టించాను. మళ్ళీ ఎక్కాం. ఖాళీ రోడ్డు, కాలు దానంతట అదే నొక్కింది. పదోది రెండువందల గజాల దూరంలో కనబడింది. బాగుంది. పదింటిలోకీ అదే బాగా బిగిసింది, ముడతలు లేవు. దాన్నే చూస్తున్నాను. కళ్ళజోడు అద్దంలో ఫోటో స్టూడియో లైటు ఒక చుక్కలా పడింది, అది తీయించాల్సింది అనుకుంటున్నాను. అప్పుడు చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు. తడి బస్తా లారీలోంచి దింపినట్టు.

"సార్, నూట ఇరవై ఆరు. జర తగ్గించుండ్రి" అంది జోస్నా. తెర పక్కన నిలువుగా మా పేర్లుంటాయి, పేరు పక్కన గుండె వేగం. ఛాతీకి కట్టుకున్న పట్టీ కొట్టిన ప్రతి దెబ్బనూ అక్కడికి చేరవేస్తుంది. సుమిత్రమ్మ 112. వినయ్ 109. ఆర్ఎం సార్ 126. గుండెలో రెండు స్టెంట్లు వేసిన డాక్టరు నూట ఇరవై దాటొద్దన్నాడు. రోడ్డు మీద కాదు, గదిలో సైకిలు తొక్కమన్నాడు. నేను అబద్ధాన్ని ముఖం మీదికి రానివ్వని మనిషిని. ముప్పై ఏళ్ళు ఫెయిలయ్యే పిల్లల తల్లిదండ్రులకి మీవాడు ఐఐటీ సరుకండీ అని చెప్పాను, కనురెప్ప వణకలేదు. కానీ ఈ పట్టీకి ముఖంతో పని లేదు. తెర మీద మనిషి కనబడ్డప్పుడు నా అంకె ఎంతకి పోతుందో పదమూడు మంది చదువుతారు. విప్పేస్తే? ఎందుకు విప్పారు సార్ అంటుంది. కళ్ళు తిరుగుతున్నాయని దిగిపోతే? అందరూ దిగుతారు, జోస్నా కాళ్ళు ఆపుతుంది, రోడ్డు ఆగుతుంది, ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు, నా కారు ఎదుటే ఆగొచ్చు. ప్లగ్గు పీకితే? ప్లగ్గు తలుపు పక్కన ఉంది. దాని ముందు ఎల్లమ్మ తడిగుడ్డ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. మన రోడ్డు వేస్తున్నారంట అని పని మానుకుని చూడ్డానికి వచ్చింది. ఎల్లమ్మ ఈ జిమ్ములో అద్దాలు తుడుస్తుంది. జోస్నా తల్లి. నేను చంపినవాడి పెళ్ళాం. కాబట్టి ఉన్న దారి ఒక్కటే. ఈ పిల్ల కాళ్ళు ఆపకూడదు. ఆపకుండా కొత్తపేట దాటించాలి. ఇరవై సెకన్లు చాలు. అటు తర్వాత ఎల్బీ నగర్ దాకా పూలబాట.

ఐదోది. చైతన్యపురి స్టేషన్ నీడ కిందికి పోయాం, తెర చీకటైంది, చీకటి అద్దంలో నా చెమట ముఖం ఒక్క క్షణం కనబడింది. ఇక్కడే ఎందుకు ఉంటావు, వేరే జిమ్ములు లేవా అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. చేరినప్పుడు తెలియదు. ఇంటికి దగ్గర, అంతే. ఈ పిల్లే ఫారం నింపింది. "ఆర్ఎం అంటే ఏంది సార్, పూర్తి పేరు చెప్పుండ్రి" అని అడిగి, పెద్దపెద్ద అక్షరాలతో రాసుకుని, ఒకసారి పైకి చదివి సరిచూసుకుంది. ఇరవై ఏళ్ళుగా నా పేరు ఎవరూ పూర్తిగా పలకలేదు. ఇంట్లో ఏవండీ, ఊరంతా ఆర్ఎం సార్. ఎవరి పేరో విన్నట్టు అనిపించింది. మూడో నెలలో, చివర చల్లబడేటప్పుడు నెమ్మదిగా తొక్కే ఐదు నిమిషాల్లో, సుమిత్రమ్మ ఏదో అడిగితే ఈ పిల్ల తన తండ్రి సంగతి చెప్పింది. దేవానందం. రోడ్లు ఊడ్చే ఉద్యోగం. నల్లగొండ వైపు ఊరు, చంపాపేట్‌లో కిరాయి ఇల్లు. కొత్తపేటలో ఏదో బండి గుద్ది పోయింది. ముప్పావుగంట ఎవరూ చూడలేదు. దవాఖానలో మధ్యాహ్నం దాకా బతికాడు. అర్ధగంట ముందు తెచ్చినా దక్కేవాడన్నారట. ఆ రోజే మానెయ్యాల్సింది. కానీ ఆలోచించాను. కేసు ఎక్కడిదాకా వచ్చిందో, పోలీసులు ఏమన్నారో, కెమెరా ఏదైనా దొరికిందో లేదో, రోజూ పొద్దున్నే ఇంత వివరంగా నాకు ఇంకెవరు చెబుతారు? అడగక్కర్లేదు. ఈ పిల్ల తనంతట తనే చెబుతుంది. సార్ చదువుకున్నోరు, సార్‌కు అడ్వకేట్లు తెలుసు. గుర్తు తెలియని వాహనం అని రాసి ఫైలు మూసిన రోజు నా ముందే ఏడ్చింది. తువ్వాలు అందించాను. ఇంటికెళ్ళి రెండు పెసరట్లు తిన్నాను, ఏడాదిలో మొదటిసారి అల్లం పచ్చడి రుచి తెలిసింది.

ఇంకో సంగతి కూడా చెప్పింది, అది విన్నాక మాత్రం రెండు రోజులు అన్నం దిగలేదు. వాడు చచ్చేదాకా ఒకటే మాట అంటూ ఉన్నాడట. పళ్ళు ఊడి, నోరు వాచి, మాట సరిగా రావడం లేదు. "ప" అని ఆగుతాడట, ఊపిరి తీసుకుని "తండ్రి" అంటాడట. ప... తండ్రి. ప... తండ్రి. మధ్యాహ్నం దాకా అదే. వాళ్ళ పాస్టరయ్య మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పరలోకపు తండ్రిని పిలుస్తున్నాడమ్మా, నోరు రాక సగమే అంటున్నాడు, ఇంత మంచి మరణం నేను చూడలేదు అన్నాడట. ఆదివారం చర్చిలో దాని మీదే ప్రసంగం చేశాడట. తల్లీకూతుళ్ళు ఏడాదిగా ఆ మాట పట్టుకుని బతుకుతున్నారు. సమాధి మీద చెక్కించాలనుకుని ఈ పిల్ల నా దగ్గరికే కాగితం తెచ్చింది. "సార్, పరలోక అని రాయాల్నా, పరలోకపు అని రాయాల్నా?" తండ్రి అని మామూలుగా రాసుకొచ్చింది. పరలోకపు అనే ఉండనివ్వు, తండ్రీ అని దీర్ఘం పెట్టు, పిలిచేటప్పుడు దీర్ఘం ఉండాలి అని పెన్ను తీసి నేనే దిద్దాను. నా చేతిరాత బాగుందని అలాగే చెక్కించారు.

ఆరోది. ఆ మాట దేవుడిది కాదు, నాది. తెనాలి నుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో, మేడ మీద రేకుల షెడ్డులో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. గంట కొట్టగానే పదండి పదండి అని పిల్లల్ని తోలేవాణ్ణి. వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. పదండి గారండి అని ఎక్కిరించేవాళ్ళు. వీళ్ళు నడువుండ్రి అంటారు, కూసోండ్రి అంటారు. సరే, మీ దారికే వస్తానని నా మాటలో సగం, వాళ్ళ మాటలో సగం అతికించి ఒకరోజు పదండ్రి అన్నాను. ఇంకా ఎక్కువ నవ్వారు. అటు మా తెనాలిలో ఎవరూ అలా అనరు, ఇటు ఇక్కడా ఎవరూ అనరు. తప్పని తెలిసీ నాలుక వదల్లేదు. మామూలుగా రాదు. తొందరపడితే వస్తుంది, భయపడితే వస్తుంది. ఆ పొద్దున గౌతమ్ నేను చెప్పకుండానే కారు దిగాడు. ఫోను లైటు వేసి వంగి చూశాడు. "మామయ్యా, ఊపిరి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మామయ్యా, మిమ్మల్నే చూస్తున్నాడు" అన్నాడు. అద్దం దించి రెండుసార్లు అన్నాను. పదండ్రి, పదండ్రి. వాడొచ్చి ఎక్కాడు. ఇప్పుడు వాడు నాతో మాట్లాడడు. ఫోనులో అమ్మాయి మాట్లాడుతుంది, వెనకాల వాడి దగ్గు వినిపిస్తుంది. నా సెంటర్లో అకౌంట్స్ హెడ్డు, జీతం తీసుకుంటాడు, నోరు మూసుకుంటాడు. సమాధి సంగతి విన్న రోజు నుంచి ఆ మాట నోట్లోంచి పీకి పారేశాను. క్లాసులో నడవండి అంటున్నాను. లిఫ్టులో కానివ్వండి అంటున్నాను. ఆరు నెలలకు పైనే అయింది, ఒక్కసారి జారలేదు.

ఏడోది దగ్గర సుమిత్రమ్మ మళ్ళీ ఏదో జోకేసింది, వినలేదు. ఎనిమిదోది. ఎడమ పక్కన పాత పండ్ల మార్కెట్టు గోడ మొదలైంది. గుండె నూట ముప్పై నాలుగు. "సార్!" అంది జోస్నా గట్టిగా. "ఏం కాదమ్మా. ఈ రోజు హుషారుగా ఉంది. నువ్వు ఇంకొంచెం జోరు పెంచు, మన రోడ్డు కదా, ఒక్కసారి పరిగెత్తిద్దాం" అన్నాను. నవ్వింది. మంచి పిల్ల, చెబితే వింటుంది. సీటు మీంచి లేచి తొక్కింది. గోడ పరిగెత్తింది, ఆటోలు పరిగెత్తాయి, పిల్లర్లు దువ్వెన పళ్ళలా పోతున్నాయి. అప్పుడు కనబడ్డాయి. ఎర్రగా, ఆగి ఆగి వెలిగే రెండు చుక్కలు. నా కారు. తొమ్మిదో ఫ్లెక్సీ కింద, డివైడరుకు ఆనించి. డివైడరు మీద నిక్కి తాడు లాగుతున్న గౌతమ్. కింద నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇంకా పైకి, ఇంకా పైకి అని వేలితో చూపిస్తున్న ముసలాడు. వెనక నుంచి నాకు బట్టతల అంత ఉందని నాకు తెలియదు. నంబరు ప్లేటు వీధిదీపం వెలుగులో తెల్లగా, నాలుగంకెలూ స్పష్టంగా పెద్దవై, పక్కకు జారి, పోయింది. అందరూ పైన ఫ్లెక్సీలో మడతపడ్డ నా కన్ను చూసి నవ్వుతున్నారు. "సార్ కన్ను కొడ్తున్నడే!" అంది సుమిత్రమ్మ. దేవుడు ఉన్నాడు. మా దేవుడో, వాళ్ళ దేవుడో, ఎవడో ఒకడు ఉన్నాడు. అంటే వినయ్ నాకంటే ముందు పోయాడు. మనిషి ఇంకా నిలబడే ఉంటాడు. ఊడుస్తూ ఉంటాడు, మామూలుగా, ఏ రోజు ఊడ్చినట్టే ఆ రోజూ ఊడుస్తూ. రెండువందల గజాలు. ఈ జోరుకి అర నిమిషం. కనబడీ కనబడక ముందే దాటిపోతాం.

నారింజ రంగు జాకెట్టు దూరం నుంచే మెరిసింది. మెరవడానికే ఇస్తారు అవి, బండ్లవాళ్ళకి కనబడాలని. నాకు తప్ప అందరికీ కనబడుతుంది. వంగి ఊడుస్తున్నవాడు సైకిలు చప్పుడుకి లేచి నిలబడ్డాడు. సన్నటి మనిషి, నెరిసిన మీసం. నేను వాణ్ణి నిలబడి ఉండగా చూడనేలేదు. కెమెరాలోకి చూసి, చీపురున్న చెయ్యే ఎత్తి, పొమ్మన్నట్టో రమ్మన్నట్టో ఊపి నవ్వాడు. అక్కడ ఆగింది రోడ్డు. జోస్నా కాళ్ళు ఆగిపోయాయి. వాడు చెయ్యెత్తి, నవ్వుతూ, గోడంత ఎత్తున, ఆగిపోయాడు. వెనక చక్రాలు ఒక్కొక్కటే చప్పుడు తగ్గించుకున్నాయి.

"నాయిన" అంది జోస్నా.

తలుపు దగ్గర ఎల్లమ్మ చేతిలో తడిగుడ్డ కర్ర నేలకు తగిలింది. రెండడుగులు ముందుకొచ్చింది. "మీ ఆయనా?" అని గొణిగాడు వినయ్. "నాకు తెలియదు అత్తా. ఆ తాత ప్రతి ఆదివారం చెయ్యి ఊపేవాడు. తర్వాత కనపడలా. ట్రాన్స్‌ఫర్ అయ్యాడనుకున్నా." చూసుకోనీ, అనుకున్నాను. ఏడవనీ. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని తొక్కనీ. రోజూ ఊడ్చేవాడే కదా, ఇది ఏ రోజైనా కావచ్చు, ఎవరికి తెలుస్తుంది? నా కాళ్ళు మాత్రం ఆగడం లేదు.

"జాకెట్ చూడే అమ్మా" అంది జోస్నా. గొంతులో ఏడుపు లేదు. "కొత్తది."

"అవు" అంది ఎల్లమ్మ. "శనివారం మాపటికి ఇచ్చిన్రు. పాతది చినిగితే రెండేండ్లు తిరిగిండు దానికి. పొద్దుగాల తొడుక్కొని అద్దం ముంగట నిలవడ్డడు. పెండ్లి పిలగాని లెక్క ఉన్నవ్ పో అన్న." తెర దగ్గరికి పోయి అరచెయ్యి ఆ జాకెట్టు మీద పెట్టింది. నారింజ రంగు వెలుగు ఆమె చేతి మీద పడింది. "ఒక్క పూటనే తొడిగిండు. మల్ల దవాఖానల కత్తెరతోని కోసిన్రు."

సుమిత్రమ్మ ముక్కు చీదింది. నూట నలభై ఎనిమిది. ఎవరూ నా అంకె చూడ్డం లేదు. వినయ్ సైకిలు దిగాడు. వాడి బుర్ర పనిచేయడం నాకు వినిపించింది, లెక్క తట్టిన పిల్లాడు బెంచీ మీంచి లేచే చప్పుడు ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. "అంటే... ఇది ఆ రోజేనా జోస్నా? యాక్సిడెంట్ రోజు? నేను పోయాక ఎంతసేపటికి జరిగిందంటావ్? ఆగాగు, తొక్కమాక. ఇప్పుడే వెనకాల ఒక కారు ఆగుంది, బ్లింకర్లు వేసుకుని. ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ళు చూసే ఉంటారు. వెనక్కి జరుపుతా, నంబరు కనపడుద్దేమో చూద్దాం." తెర కిందున్న డబ్బా వైపు నడిచాడు. నాలుగడుగులు. ఎల్లమ్మ దారి ఇచ్చింది. వాడి వేలు బొత్తాం మీదికి పోతోంది. తెర మీద వాడు చెయ్యెత్తుకుని నన్నే చూస్తున్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి, మామయ్యా, మిమ్మల్నే చూస్తున్నాడు. రెండువందల గజాలు వెనక్కి పోతే నా నంబరు, నా బట్టతల. ఏదో ఒకటి అనాలి. టైము, ఆఫీసులు, గుండె నొప్పి, ఏదో ఒకటి. వీళ్ళని కదిలించాలి, ఈ మనిషి దగ్గర్నుంచి కదిలించాలి, ఇక్కడ ఆగకూడదు, ఎవరూ దిగకూడదు.

"పదండ్రి, పదండ్రి!" అన్నాను.

గట్టిగానే అన్నాను. రేకుల షెడ్డులో చివరి బెంచీకి వినిపించేటంత గట్టిగా. వినయ్ వేలు గాలిలో ఆగింది. జోస్నా తెర వైపు నుంచి నా వైపు తిరిగింది. తొందరేం లేదు, మెల్లగా తిరిగింది.

"ఏమన్నరు సార్?"

"టైమైపోతోంది అన్నానమ్మా. అందరికీ పనులుంటాయి కదా. తర్వాత చూసుకోవచ్చు."

"గది కాదు. గంతకు ముందు."

జవాబు సుమిత్రమ్మ చెప్పింది. కొంగుతో కళ్ళొత్తుకుంటూ, వాతావరణం తేలిక చేద్దామని, కాస్త నవ్వుతూ కూడా చెప్పింది. "పదండ్రి అన్నడు బిడ్డా. సార్‌కు అలవాటే. మా పెద్దోడు సార్ దగ్గర్నే చదివిండు గద, ఇంటికొచ్చి అదే ఎక్కిరిచ్చేటోడు. పదండ్రి సార్ అనే పిలిచేటోళ్ళు పోరగాండ్లు. హైదరాబాద్ మొత్తంల గట్ల అనేది సార్ ఒక్కడే."

జోస్నా పెదవులు కదిలాయి. శబ్దం లేదు. ప... అని మూసుకుని, తెరుచుకున్నాయి. మళ్ళీ ఇంకోసారి. ఇంకోసారి. ఒక లెక్క రెండు వైపుల నుంచీ చేసి సరిపోయిందో లేదో చూసుకుంటున్నట్టు. ఎందుకో తెర పక్కన చూసింది. నేనూ చూశాను. ఆర్ఎం సార్ 163. గదిలో తిరుగుతున్నది నా చక్రం ఒక్కటే.

"దీర్ఘం లేదు సార్" అంది. "నాయిన దీర్ఘం తియ్యలే. మీరు పెట్టించిన్రు."

"ఏందే? ఏమంటున్నవ్?" అంది ఎల్లమ్మ. చెయ్యి ఇంకా జాకెట్టు మీదే ఉంది.

"నాయిన దేవుణ్ణి పిలువలేదే అమ్మా. విన్న మాట మనకు అప్పజెప్పి పోయిండు. మనమే ప్రార్థన అనుకున్నం."

వినయ్ బొత్తాం నొక్కాడు. తెర మీద రోడ్డు వెనక్కి నడవడం మొదలెట్టింది. దేవానందం చెయ్యి దించి, వంగి, చిన్నవాడై పోతున్నాడు. ఎల్లమ్మ అరచేతి కింది నుంచి నారింజ రంగు జారిపోయింది. ఎర్ర చుక్కలు రెండు వెలిగాయి, ఆరాయి, వెలిగాయి. నంబరు తెల్లగా నిండుగా వచ్చి నిలబడింది. ఇప్పుడు ఎవరూ ఫ్లెక్సీ చూడ్డం లేదు.

"ఎవడే వాడు?" అంది ఎల్లమ్మ, తెర మీది బట్టతలను చూస్తూ. "జోస్నా, ఎవడే?"

జోస్నా సైకిలు దిగింది. నా చక్రానికి అడ్డంగా కాలు పెట్టి ఆపింది. ఆ రోజు ఫారం మీద రాసుకుని చదివినట్టే, అక్షరం మింగకుండా, సార్ లేకుండా, పైకి చదివింది.

"రామమోహనరావు."